కొట్టివేతలు లేవు

ఆళ్లగడ్డ,
7 జులై 2025.

వదినమ్మకు హుస్సేన్ వలి సలాములు.

ఇక్కడ మేము క్షేమం, నా చెవులు తప్ప. ఎడమది పోయిన ఏడే పోయింది. కుడిది పోవడానికి సంచి సర్దుకుంటోంది. మీరు ఫోను చేయడం, నేను "ఆఁ? ఏందీ?" అనడం, మీరు అరవడం, పక్కింటివాళ్లు తొంగిచూడడం ఎందుకని ఉత్తరమే రాస్తున్నాను. నంద్యాల బస్సుకు గంట దూరం, ఉత్తరానికి నాలుగు రోజుల దూరం. అయినా ఉత్తరం అరవదు.

సంగతేమిటంటే, మా అఫ్రీన్ నాకు ల్యాప్‌టాప్ కొని తెచ్చింది. బడిలో లెక్కలు చెప్పి కూడబెట్టుకున్న జీతంతో. సంతోషించాలి కదా. సంతోషించాను, ఒక పూట.

నా అవస్థ మీకు తెలియనిది కాదు. రిజిస్ట్రారు ఆఫీసు ముందు ముప్పై నాలుగేళ్లుగా బల్ల వేసుకుని దస్తావేజులు రాస్తున్నవాణ్ని. ఇప్పుడు చేతిరాత ఎవరికీ పనికిరాదు. అందుకని నేను చెబుతుంటే ఎదురు షాపులో భానుప్రియ అనే అమ్మాయి కంప్యూటర్లో కొడుతుంది. ఆమె నడుమ నడుమ ఏదో అడుగుతుంది. నాకు వినపడదు. తలూపుతాను. మొన్న అట్లా తలూపినందుకు ఒకాయన తండ్రి పేరు ఉండాల్సినచోట మామ పేరు పడింది. సంతకాలకు ముందే చూసుకున్నాం గనక బతికాం. ఆ మధ్యాహ్నమే అఫ్రీన్ నిర్ణయించుకుంది, "ఇంగ నువ్వే కొట్టుకో నాయనా, ఎవురినీ అడగబల్లేదు" అని.

మూత తెరిచాను. మొదట నల్లగా నా ముఖమే కనిపించింది. తరువాత వెలుగొచ్చింది, వచ్చీ రాగానే నువ్వెవరు అని అడిగింది. నా ఇంట్లో, నా బల్ల మీద, నా కూతురు కొన్న సామాను నన్ను నువ్వెవరు అంటుంది! వేలు పెట్టమంది. కుడిచేతి వేళ్లు నాలుగూ పెట్టాను, ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్లు కార్బన్ కాగితాలు రుద్ది నా గీతలు అరిగిపోయాయట. చివరికి ఎడమ బొటనవేలు పెడితే తెరుచుకుంది. వదినమ్మా, ఎంతమంది చేత ఆ వేలితోనే నిశానీ వేయించి ఉంటాను నేను! ఇప్పుడు పొద్దున లేచి నేనే నిశానీ వేసుకుంటున్నాను. 

పైన మిట్టమధ్యలో ఒక చిన్న కన్నుంది. కెమెరా అట. దాని మీద రెవెన్యూ స్టాంపు అంటించాను. అడుగున వేడి. ఒళ్లో పెట్టుకుంటే పిల్లికూన పడుకున్నట్టుంటుంది, కానీ పిల్లికి ఇంత పొగరుండదు.

ఆగస్టు 18న ఒక దస్తావేజు ఉంది. లింగమ్మ అనే ముసలామె, తన ఇంట్లో తూర్పు సగం కూతురు సుకన్యకు దానం రాసిస్తుంది. పడమటి సగంలో తాను ఉంటుంది. చిన్న దస్తావేజే. దాన్ని నా చేతులతో ఈ పెట్టెలో రాయగలిగితే సరి. రాయలేకపోతే ఆ సాయంత్రమే బల్ల మడిచి ఇంటికి తెచ్చేస్తాను. ఖుదా మీద ఒట్టు. మీకు రెండేళ్లుగా ఈ మిషన్‌తో పరిచయం ఉంది కదా, దీన్ని లొంగదీసుకునే ఉపాయం చెప్పండి.

నాకూ మీ ఆయన రంగయ్య అన్నకూ పని నేర్పిన పెద్దాయన, ఉత్తరం రాసినా దస్తావేజు రాసినట్టే ముగించాలనేవాడు. కాబట్టి, ఈ ఉత్తరంలో కొట్టివేతలు, దిద్దుబాట్లు లేవు.

మీ మరిది,
హుస్సేన్ వలి


నంద్యాల,
12 జులై 2025.

మరిది హుస్సేన్ వలికి కమలాక్షమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పాలు పోసే ఆమె "ఏమ్మో, ఏమైంది?" అని లోపలికి వచ్చింది.

నిశానీ వేయాల్సి వచ్చిందని అంత రోషమెందుకయ్యా? మీ అన్న పోయాక పదకొండేళ్ల కిందట ఆయన బల్ల దగ్గర నేను కూర్చుంటే, ఆడమనిషి దస్తావేజు రాస్తుందా అని ఈ నంద్యాలంతా నవ్వింది. రెండేళ్ల కిందట ల్యాప్‌టాప్ తెస్తే ఇంకోసారి నవ్వింది. నేను రోషపడ్డానా? కూర్చుని రాశాను. ఇప్పుడు రోజుకు మూడు దస్తావేజులకు తక్కువ కాకుండా రాస్తున్నాను. బల్ల దగ్గర జనం నిలబడి ఉంటారు. అన్నానికి కూడా తీరిక ఉండడం లేదు.

ఉపాయం అడిగావు. మొదటిది, బటన్లను సుత్తితో కొట్టినట్టు కొట్టవద్దు. నీ చేయి నాకు తెలుసు, నాలుగు కార్బన్ల కిందికి అక్షరం దిగాలని నొక్కిపెట్టి రాసే చేయి అది. మిషన్‌కు అంత బలం అక్కర్లేదు. రెండోది, అది ఏదైనా అడిగితే వెంటనే అవునని నొక్కవద్దు. నీకు తలూపే రోగం ఉంది. మూడోది, కోపం వచ్చినప్పుడు మూత వేసి నీళ్లు తాగు.

పద్దెనిమిదో తేదీకి నెలకు పైగా ఉంది. బల్ల మడిచే మాట ఇంకోసారి రాస్తే ఊరుకోను. ఆ బల్లలు మీ ఇద్దరికీ ఆ పెద్దాయన ఒకే మానుతో చేయించి ఇచ్చాడు. అది గుర్తుంచుకో.

కొట్టివేతలు, దిద్దుబాట్లు లేవు.

వదిన,
కమలాక్షమ్మ


ఆళ్లగడ్డ,
21 జులై 2025.

వదినమ్మకు సలాములు.

మూత వేసి నీళ్లు తాగమన్నారు. ఈ నాలుగైదు రోజుల్లో నేను తాగిన నీళ్లకు ఒక మడి పారేది.

తెలుగులో కొట్టడం వచ్చింది. రోజుకు అర పేజీ. కానీ నేను కొట్టిన ప్రతి మాట కిందా ఇది ఎర్రగా వంకర గీత గీస్తుంది. నాలుగు హద్దులకు మనం రాసే "చెక్కుబందీ" అంటే గీత. "సర్వహక్కులతో" అంటే గీత. చివరికి "హుస్సేన్ వలి" అని నా పేరు కొట్టుకుంటే దాని కిందా గీత! మా అమ్మానాన్నా పెట్టిన పేరు తప్పని చెప్పడానికి ఇదెవరు? అఫ్రీన్‌ను పిలిచి చూపించాను. "దానికి తెలుగు రాదు నాయనా, పట్టించుకోవాకు" అంది. తెలుగు రానిది తెలుగు దిద్దడమేమిటి?

ఏదైనా తప్పు నొక్కితే అది కీచుమంటుందట. ఇల్లంతా వింటున్నారు, నాకొక్కడికే వినపడదు. నేను పదిసార్లు నొక్కుతూనే ఉంటాను, అది పదిసార్లు అరుస్తూనే ఉంటుంది. లోపలి గది నుంచి అఫ్రీన్ వచ్చి నా చేయి పట్టుకుని పక్కకు పెడుతుంది.

ఇంకొకటి. వాక్యం చివర ఖాళీ మిగిలితే ఎవరూ ఏదీ ఇరికించకుండా అడ్డగీత గీయాలి కదా, మన పద్ధతి. నేను ప్రతి వరుస చివరా గీతలు కొట్టాను. మొత్తం చక్కగా కుదిరింది. పైన ఒక పేరు మరిచిపోయానని ఇరికించానో లేదో, ఆ గీతలన్నీ కదిలి పేజీ నడుమకు వచ్చి కూర్చున్నాయి. కాపురం చేసే ఇంట్లో గోడలు లేచి నడిచినట్టయింది.

ఇవన్నీ భరిస్తాను. భరించలేనిది ఒకటుంది. ఇది చెరిపేస్తుంది వదినమ్మా! బ్యాక్‌స్పేస్ అని ఒక బటన్. నొక్కితే అక్షరం మాయం. గీకిన మచ్చ లేదు, సిరా మరక లేదు. కాగితం ఏమీ ఎరగనట్టు తెల్లగా చూస్తుంది. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టివేయాలి, కొట్టేసింది కింద కనబడాలి, పక్కన చిన్న సంతకం ఉండాలి, దస్తావేజు చివర కొట్టివేతలు ఎన్నో లెక్క రాయాలి. ఇట్లా కదా మనం బతికింది? చెరిపినట్టు తెలియకుండా చెరిపేవాణ్ని మన ఆఫీసు దగ్గర ఏమంటారో మీకు తెలుసు.

అందుకని నేను ఆ బటన్ ముట్టుకోవడం లేదు. అక్షరాల నడుమ గీత గీసే బటన్ ఒకటి ఉందని అఫ్రీన్ చూపించింది. తప్పు కొట్టిన మాట మీద దానితో గీత గీసి, పక్కన సరైన మాట కొట్టి, చివర కొట్టివేతలు పదిహేడు అని లెక్క వేస్తున్నాను. నిన్న భానుప్రియ వచ్చి చూసి, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వనీ.

చేతిరాతలో మాత్రం కొట్టివేతలు, దిద్దుబాట్లు లేవు.

మరిది,
హుస్సేన్ వలి


నంద్యాల,
25 జులై 2025.

మరిది వలికి దీవెనలు.

భానుప్రియ నవ్వడంలో తప్పేమీ లేదు. నేనూ నవ్వాను. లింగమ్మ దానపత్రం ఇట్లా గీతలతో తీసుకుపోతే రిజిస్ట్రారు కూడా నవ్వుతాడు.

చెరిపెయ్ వలీ. అందరూ చెరుపుతున్నారు. చెరిపాక ఎవరికీ కనబడదు. కనబడకపోతే అడిగేవాళ్లు ఉండరు, చెప్పుకోవాల్సిన బాధ ఉండదు. పెద్దాయన కాలం వేరు, ఆయనతోనే పోయింది.

నాకు ఇక్కడ పని ఎక్కువగా ఉంది. ఎక్కువ రాయలేను. 

కొట్టివేతలు లేవు.

కమలాక్షమ్మ


ఆళ్లగడ్డ,
4 ఆగస్టు 2025.

వదినమ్మకు వేయి సలాములు.

ఈ పెట్టె నాకు లొంగింది! అంతకు ముందు నా ప్రాణం తీసిందనుకోండి.

గురువారం పొద్దున లింగమ్మ, సుకన్య వచ్చారు. వివరాలు చూసుకుందామని మూత తెరిచాను. నీలంగా వెలిగి, తనను తాను బాగు చేసుకుంటున్నానని, ఆపవద్దని రాసింది. నలభై ఏడు శాతం దగ్గర ఆగింది. గంట గడిచినా నలభై ఏడే. లింగమ్మ కొంగుతో విసురుకుంటూ "ఏమప్పా వలీ, దానికి పానం బాగలేదా?" అంది. పార్టీ ఎదురుగా కూర్చుని ఉండగా పెన్ను ఎప్పుడైనా నన్ను నేను బాగు చేసుకుంటానందా? చివరికి వాళ్లకు టీ ఇప్పించి పంపాను.

ఆ సాయంత్రం నేను మూత వేసి, ఇక నావల్ల కాదని అఫ్రీన్‌కు చెప్పేశాను. ఆమె నా కుడిపక్కన కూర్చుని, చెవి దగ్గర చెప్పింది. "అంతా మొదట్నుంచి ఎందుకు కొడ్తావ్ నాయనా? అదే వీధిలో పోయినేడు ఒకాయనకు దానపత్రం రాస్తివి గదా. భానుప్రియ కాడ ఉంది. దాన్ని తెచ్చుకో. పేర్లు, కొలతలు మార్చు. అయిపాయె."

వదినమ్మా, గంటలో అయిపోయింది! నెలరోజులు అర పేజీ అర పేజీ అని ఏడ్చినవాడు గంటలో ఐదు పేజీల దస్తావేజు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మీ మాట కూడా విన్నాను. గీతలు మానేశాను. పాత పేరు చెరపడం, కొత్త పేరు కొట్టడం. మొదటిసారి చెరిపినప్పుడు ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాను. పదోసారికి అలవాటైంది. ప్రింటు తీస్తే ముత్యాల్లా ఉంది. సుకన్య చూసి "కంప్యూటర్ షాపోళ్లు కూడా ఇట్ల కొట్టర్ మామా" అంది.

పద్దెనిమిదిన రిజిస్ట్రేషను. బల్ల మడిచేది లేదు.

కొట్టివేతలు లేవు. ఈసారి మిషన్‌లో కూడా లేవు.

మీ మరిది,
హుస్సేన్ వలి


నంద్యాల,
8 ఆగస్టు 2025.

వలీ,

పాత దస్తావేజు మీద కొత్తది రాయవద్దు. ఆ ప్రింటు చింపెయ్. మొదటి నుంచి నువ్వే కొట్టు. రోజుకు ఒక పేజీ కొట్టినా ఐదు రోజుల్లో ఐదు పేజీలవుతుంది.

ఎందుకని అడగవద్దు. పెద్దదాన్ని చెబుతున్నాను, విను.

కమలాక్షమ్మ


ఆళ్లగడ్డ,
13 ఆగస్టు 2025.

కమలాక్షమ్మ గారికి,

మీ ఆరు వాక్యాలు నిన్న అందాయి. ఎందుకని అడగవద్దన్నారు. అడుగుతున్నాను.

నేను ఇంత సంతోషంగా రాస్తే, చింపెయ్ అంటారా? నేర్పమని అడిగినప్పుడు నీళ్లు తాగమన్నారు. పద్ధతి వదలనంటే చెరిపెయ్ అన్నారు. చెరిపి రాస్తే రాయవద్దంటారు. మీకు రోజుకు మూడు దస్తావేజులు ఉన్నాయి, నాకు ఒక్కటి కూడా ఉండకూడదా? ఇట్లా అనుకుని నిన్న రాత్రంతా లోలోపల ఉడికిపోయాను.

పొద్దున స్టాంపులు అమ్మే సాజిద్ వచ్చాడు. అతను నెలకోసారి నంద్యాల ఖజానా ఆఫీసుకు వస్తాడు, మీకు తెలిసినవాడే. నేను కోపంలో అతని ముందు మీ మాట ఎత్తాను. అతను నా ముఖం చూసి, కాగితం తీసుకుని రాసి చూపించాడు. అరవాల్సిన మాట కాదని అనుకున్నట్టున్నాడు. ఆ కాగితం నా ముందే ఉంది. "ఆయమ్మ బల్ల యాడుంది అన్నా? ఉగాది అయినంక నేను ఒక్కపారి గూడ సూళ్లే. ఆ జాగాలో జిరాక్సోడు కుసున్నాడు."

ఉగాది నుంచి అంటే ఐదు నెలలు. ఆ జనం ఎవరు? ఆ మూడు దస్తావేజులు ఎక్కడివి? నాకు చెవులు వినపడవు గానీ, మీ ఉత్తరాలన్నీ కళ్లతో చదివి ప్రతి అక్షరం నమ్మాను. మీరు ఆ ఉత్తరాల చివర కొట్టివేతలు లేవని రాశారు.

ఈ ఉత్తరం సాజిద్ చేతికే ఇస్తున్నాను. అతను శనివారం దాకా నంద్యాలలో వాళ్ల అక్క ఇంట్లో ఉంటాడు. జవాబు రాస్తే రాయండి.

హుస్సేన్ వలి


నంద్యాల,
15 ఆగస్టు 2025.

వలీ,

నువ్వు నన్ను గారు అని పిలిచావు. ఇన్నేళ్లలో మొదటిసారి. పడాల్సిందే, పడ్డాను.

సంక్రాంతి దాటాక ఆదిలక్ష్మమ్మ అనే ఆమె ఇంటి స్థలం కొనుక్కుంది. ముప్పై ఏళ్లు ఇడ్లీలు అమ్మి కొనుక్కున్న స్థలం. అమ్మినవాడు సున్నిపెంటలో ఉండే శ్రీకాంత్. అదే వరుసలో ఇంకో స్థలానికి అంతకు ముందు నేనే రాసి ఉన్నాను. దాన్ని తెరిచి పేర్లు మార్చాను. కొలతలు మార్చాను. హద్దులు మూడు మార్చాను. పడమటి హద్దు దగ్గర ఎవరో వచ్చి ఏదో అడిగారు, తలెత్తి మాట్లాడాను. మళ్లీ చూసేసరికి అంతా మార్చినట్టే కనిపించింది. చెరిపిన చోటు తెలియదు కదా. చెరపని చోటు కూడా తెలియదు.

ఆమెకు పడమర దారి ఉంది. కాగితంలో పడమర వేరేవాళ్ల స్థలం అని ఉండిపోయింది. ఉగాది ముందు గేటు పెట్టబోతే పక్కాయన ఆ కాగితమే చూపించి, దారికి అడ్డంగా బేతంచెర్ల బండలు రెండు ట్రాక్టర్లు దింపించాడు. ఇప్పటికీ ఆమె తన స్థలంలోకి వెనకింటి పెరట్లోంచి బతిమాలుకుని పోతుంది.

ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. అందరి ముందూ ఆ దస్తావేజు పెట్టి, తిట్టలేదు వలీ, తిడితే బాగుండేది. "రాసేటప్పుడు నీకు అగుపడలేదామ్మా?" అంది. నేను ఏమన్నానో తెలుసా? "నాదేం లేదు, మిషన్ తప్పు" అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. ఆమె నన్ను చూసి, మిషన్‌ను చూసి వెళ్లిపోయింది. మరునాడు నేను బల్ల వేయలేదు. ఆ మరునాడూ వేయలేదు. ల్యాప్‌టాప్‌ను దిండు గలీబులో చుట్టి అటక మీద పెట్టాను. మీ అన్న బల్లను గోడకు ఆనించాను.

నీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆడమనిషికి ఇవన్నీ ఎందుకని నవ్విన ఊరు మళ్లీ నవ్వుతుంటే, నన్ను లేఖరిగా చూసిన మనిషివి నువ్వొక్కడివే మిగిలావు. అందుకే గొప్పలు రాశాను. నీ గీతలను చూసి నవ్వానని రాశాను, నవ్వలేదు. నేనూ గీతలు గీసి ఉంటే ఆ పడమటి హద్దు గీత లేకుండా కనబడి ఉండేదని ఏడ్చాను. ఏడ్చి, చెరిపెయ్ అని నీకు రాశాను. ఎందుకు రాశానో నాకే తెలియదు. నా తప్పు అందరూ చేసేదే అనిపించుకోవాలని కాబోలు.

లింగమ్మ కాగితం చింపకపోయినా సరే, గీతలతో ఇంకోసారి చూడు. నీ కాళ్లు పట్టుకుంటాను.

కొట్టివేతలు: ఒకటి. జులై 12వ తేదీ ఉత్తరంలో "రోజుకు మూడు దస్తావేజులకు తక్కువ కాకుండా రాస్తున్నాను" అన్న వాక్యం మొదలు "తీరిక ఉండడం లేదు" వరకు కొట్టివేయడమైనది.

కమలాక్షమ్మ


ఆళ్లగడ్డ,
19 ఆగస్టు 2025.

వదినమ్మకు మీ మరిది వలి సలాములు.

ముందు శుభం చెబుతాను. నిన్న పన్నెండు గంటలకు లింగమ్మ దానపత్రం రిజిస్టరు అయింది. ఇక అసలు సంగతి.

మీ ఉత్తరం శనివారం సాయంత్రం సాజిద్ తెచ్చాడు. చదివి కాసేపు మీ మీద కోపంగానే ఉన్నాను, అది దాచను. తరువాత భయం వేసింది. నా ప్రింటు తీసి చదివాను. బాగానే ఉంది. మళ్లీ చదివాను. బాగానే ఉంది. తప్పు పట్టుకోవడానికి నాకు ఏమీ కనబడడం లేదు, అదే నన్ను ఇంకా భయపెట్టింది.

ఆదివారం పొద్దున అఫ్రీన్‌ను కూర్చోబెట్టుకున్నాను. లింగమ్మ దగ్గర తీసుకున్న వివరాలన్నీ చేత్తో కాగితం మీద రాశాను. పేర్లు, వయసులు, ఇంటి నంబరు, కొలతలు, నాలుగు హద్దులు, సాక్షులు. మొత్తం ఇరవై ఏడు. తరువాత భానుప్రియ దగ్గరి పాత దస్తావేజును మళ్లీ తెరిచి, ఈసారి ఏదీ చెరపకుండా, నా మొన్నటి ప్రింటు పక్కన పెట్టుకుని, నేను మార్చిన ప్రతి మాట మీదా గీత గీశాను. "ఏమి పని నాయనా ఇది, బంగారట్ల ఉంటే?" అని అఫ్రీన్ సణుగుతూనే ఉంది. చివర లెక్కపెట్టాను. గీతలు ఇరవై ఆరు.

మళ్లీ లెక్కపెట్టాను. ఇరవై ఆరే. అఫ్రీన్ సణగడం మానేసింది. ఆమె లెక్కపెట్టింది. ఇరవై ఆరు.

పడమటి హద్దు, వదినమ్మా. నాది కూడా పడమరే! "పడమర: పంచాయతీ రస్తా" అని పాతదే గీత లేకుండా కూర్చుని ఉంది. లింగమ్మ ఇస్తున్నది తూర్పు సగం. పడమర ఉండాల్సింది ఆమె ఉంచుకున్న సగం. రస్తా దాకా అని రాస్తే, ఆమె పొయ్యి, ఆమె మంచం, ఆమె తల దాచుకునే గది అన్నీ ఆ దానంలో కలిసిపోయేవి. కొలతలు ఉన్నాయి కదా అంటారు. కొలతలకూ హద్దులకూ పేచీ వస్తే హద్దులదే గెలుపని మనకు తెలియదా? సుకన్య మంచిదే. తరువాత వచ్చేవాళ్లు మంచివాళ్లని ఎవరు రాసిచ్చారు? ఆ ముసలామె తన ఇంట్లో తానే అడుక్కుని ఉండాల్సి వచ్చేది, అదీ నా చేతిరాత కూడా కాని ముత్యాల లాంటి అక్షరాలతో.

అఫ్రీన్ ఏడ్చింది. తాను చెప్పిన ఉపాయమని. నేను చెప్పాను, ఉపాయంలో తప్పు లేదు, లెక్క లేకుండా చెరపడమే తప్పని. ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. ముందు గీత, తరువాత లెక్క, లెక్క కుదిరాకే చెరపడం. గీతల కాపీ ప్రింటు తీసి నా సంచిలో పెట్టుకుంటాను, తెల్లది ఆఫీసుకు పోతుంది.

నిన్న ఆఫీసు ముందు మిషన్ తెరవడానికి బొటనవేలు పెట్టాను. లింగమ్మ పక్కనే ఉంది. బోసినోటితో నవ్వి "నీకూ నిశానీయేనా అప్పా!" అంది. అవునమ్మా, నాకూ నిశానీయే అన్నాను. కోపం రాలేదు. సిగ్గూ వేయలేదు.

ఇప్పుడు మీ సంగతి. మీరు అబద్ధం రాశారు, నిజమే. కానీ ఆ ముసలామె గదిని కాపాడింది మీ ఉత్తరం. సరిదిద్దే దస్తావేజు అని ఒకటి ఉందని మీకు నేను చెప్పాలా? ఐదు నెలలు గోడకు ఆనించిన బల్ల చెదలు పడుతుంది. అటక దిగండి వదినమ్మా. ఆ ఆదిలక్ష్మమ్మ ఇంకా పెరట్లోంచే పోతోంది.

కొట్టివేతలు: ఒకటి. పోయిన ఉత్తరంలో "గారు" కొట్టివేయడమైనది.

మీ మరిది,
హుస్సేన్ వలి


నంద్యాల,
9 సెప్టెంబరు 2025.

మరిది హుస్సేన్ వలికి కమలాక్షమ్మ దీవెనలు.

ఇరవై రోజులు జవాబు రాయనందుకు తిట్టుకుని ఉంటావు. చెప్పుకోదగ్గది ఏదైనా జరిగాకే రాద్దామని ఆగాను.

నీ ఉత్తరం వచ్చిన రెండో రోజు ఆదిలక్ష్మమ్మ ఇంటికి పోయాను. ఆమె పప్పు రుబ్బుతోంది. లేవలేదు. "ఇన్నాళ్లకొస్తివా?" అంది. సరిదిద్దే దస్తావేజు రాయించుకుంటే దారి వస్తుందని, బాగా రాసేవాళ్లను చూపిస్తానని చెప్పాను. ఆమె చేయి ఆపి, "వేరేటోళ్లు ఎందుకమ్మా? తప్పు రాసింది నువ్వు. నువ్వే రాయాల. నేను పక్కన కుసుంటా" అంది.

శ్రీకాంత్ సంతకం లేనిదే పని జరగదు. సున్నిపెంటకు నాలుగుసార్లు ఫోను చేశాను. "స్థలం అమ్మేసినా, ఇంగ నాకేం పని?" అని మూడుసార్లు పెట్టేశాడు. నాలుగోసారి ఆదిలక్ష్మమ్మే ఫోను లాక్కుని ఏం చెప్పిందో నేను ఈ కాగితం మీద రాయలేను. సోమవారం వస్తానన్నాడు.

అటక మీది నుంచి మిషన్ దించాను. ఐదు నెలల తరువాత తెరిస్తే, గంటన్నర తనను తాను బాగు చేసుకుంది. మూత వేసి నీళ్లు తాగాను. ఆ ఉపాయం ఎంత పనికిమాలినదో ఇప్పుడు తెలిసింది, క్షమించు. 

నిన్న పొద్దున మీ అన్న బల్లను మోయించుకుని పోయాను. నా చోట జిరాక్స్ అతను ఉన్నాడు కదా, నన్ను చూసి గొణుక్కుంటూ తన మిషన్ రెండు అడుగులు జరిపాడు. కొంతమంది చూశారు. ఎవరో నవ్వారు కూడా. ఆదిలక్ష్మమ్మ స్టూలు తెచ్చుకుని నా భుజం పక్కనే కూర్చుంది. ఆమె నాలుగో తరగతి చదివిందట. నేను కొట్టిన ప్రతి మాటా వేలు పెట్టి చదివింది. గీతలు గీస్తూ పోయాను, ఇదేమిటని అడిగింది, చెప్పాను. "ముందే ఇట్ల చేసింటే పాయె గదా" అంది. తరువాతి గీత గీశాను.

తప్పు ఎట్లా జరిగిందో రాసే చోటికి వచ్చాం. నీకు తెలుసు కదా, అక్కడ అందరమూ రాసే మాట ఒకటే. నా వేళ్లు అలవాటుగా అదే కొట్టాయి, "మిషన్‌లో టైపు పొరపాటు వలన" అని. ఆమె వేలు అక్కడ ఆగింది. "మిషన్ నా స్థలం సూడనీక వచ్చిందా?" అంది, మెల్లగానే. చుట్టూ పదిమంది ఉన్నారు. ఆ మాట మీద గీత గీశాను. పక్కన రాశాను. బయటికి చదివి వినిపించాను. అప్పుడు ఆమె "ఊఁ, ఇంగ సంతకం పెడ్తా" అంది.

శ్రీకాంత్ కూడా పెట్టాడు. సాయంత్రానికి రిజిస్టరు అయింది. పక్కాయనకు ఆ కాగితం చూపించాక, ఈ రోజు పొద్దున బండలు ఎత్తడం మొదలుపెట్టాడు. ఆదిలక్ష్మమ్మ నాకు ఇడ్లీలు పంపింది. డబ్బులు కూడా అడిగింది, అది వేరే సంగతి.

రేపు ఇద్దరు వస్తామన్నారు. ముగ్గురు కాదు, ఇద్దరే.

నీ పద్ధతి ప్రకారం గీతల కాపీ నా దగ్గరే ఉంచుకున్నాను.

కొట్టివేతలు: ఒకటి. దస్తావేజు రెండో పేజీలో "మిషన్‌లో టైపు పొరపాటు వలన" అన్నది కొట్టివేసి, "ఈ దస్తావేజు లేఖరి కమలాక్షమ్మ పొరపాటు వలన" అని రాయడమైనది.

మీ వదిన,
కమలాక్షమ్మ,
దస్తావేజు లేఖరి, నంద్యాల